డౌటుంది సార్!

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేసేలోపే చేతిలో కరపత్రం పడుతుంది. దాన్ని చదివేలోపు ఇంకొకటి. పైథాన్ ఫుల్‌స్టాక్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, డేటా సైన్స్, టెస్టింగ్ టూల్స్. కోర్సు పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో పాఠం చెప్పే సార్ పేరూ అంతే పెద్దగా ఉంటుంది. అడుగున ఫ్రీ డెమో తేదీ, టైము. ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకుల గోడల మీద, కరెంటు స్తంభాల మీద, టీ కొట్టు పక్క షట్టరు మీద ఇవే పేర్లు. పొద్దున్నే ఏడు గంటల బ్యాచ్‌కి లాంగ్ నోట్‌బుక్కు పట్టుకుని నడిచే పిల్లల్లో ఒంగోలు వాళ్లుంటారు, నిజామాబాద్ వాళ్లుంటారు, శ్రీకాకుళం, ఖమ్మం, కర్నూలు వాళ్లుంటారు.

ఈ వీధుల గురించి రాసినవాళ్లు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. తక్కువ ఫీజుకి సాఫ్ట్‌వేర్ నేర్పే బజారు అన్నది ఒకటి. దొంగ ఎక్స్‌పీరియన్స్ కాగితాలు పుట్టే చోటు అన్నది ఇంకొకటి. రెండింట్లోనూ నిజముంది. అయినా పాతికేళ్లకు పైగా ఈ పేట ఇన్ని దెబ్బలు తిని నిలబడడానికి ఆ రెండూ చాలవని నా నమ్మకం. కాలేజీలో లేచి అడగలేకపోయిన ప్రశ్న, నెట్‌లో పెడితే నవ్వుతారని దాచుకున్న ప్రశ్న ఇక్కడ తెలుగులో అడగొచ్చు. 'డౌటుంది సార్' అంటే సార్ ఆగుతాడు. ప్రపంచంలో సాంకేతిక చర్చలు నడిచిన పెద్ద పెద్ద వేదికలు చాలా వాటికి ఈ ఒక్క గుణం అబ్బలేదు. అమీర్‌పేటకు అబ్బింది. ఇంత అబ్బినా, ఆ చర్చను రేపటివాళ్లకు దొరికేలా రాసి మిగల్చకపోవడం మాత్రం నన్ను బాధపెట్టే విషయం.

జాగీరు నుంచి బ్యాచ్‌ల దాకా

పాయిగా వంశానికి చెందిన అమీర్-ఎ-కబీర్ వల్ల ఈ ప్రాంతానికి ఆ పేరొచ్చింది. నిజాం కాలంలో ఇది ఊరవతలి జాగీరు. ఆ తర్వాత సనత్‌నగర్‌లో పరిశ్రమలు, ఆల్విన్ వంటి ఫ్యాక్టరీలు వచ్చాయి. చుట్టూ సంజీవరెడ్డి నగర్ (ఎస్సార్ నగర్), బల్కంపేట, యూసుఫ్‌గూడ వైపు కార్మికులు, చిన్న ఉద్యోగులు ఇళ్లు కట్టుకున్నారు. ఇటు పంజగుట్టలో నిజామ్స్ ఆర్థోపెడిక్ ఆసుపత్రి పెరిగి నిమ్స్ అయింది. రోగులతో వచ్చినవాళ్ల కోసం లాడ్జీలు, మెస్సులు వెలిశాయి. కూకట్‌పల్లి నుంచి వచ్చే బస్సైనా, సికింద్రాబాద్ నుంచి వచ్చే బస్సైనా ఈ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. చవగ్గా గది, చవగ్గా భోజనం, ఎటైనా బస్సు. ఊరు నుంచి ఒక సూట్‌కేసుతో దిగిన కుర్రాడికి ఇంకేం కావాలి? నగరాభివృద్ధి సంస్థ హుడా కట్టించిన మైత్రీవనం, స్వర్ణజయంతి కాంప్లెక్సులు, వాటి వెనకాల ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకులు క్లాసులకు గదులిచ్చాయి. 'సత్యం థియేటర్ ఎదురుగా' అన్నది ఒక తరం మొత్తానికి చిరునామా. ఆ థియేటర్ పోయి 2023 జూన్‌లో అదే స్థలంలో అల్లు అర్జున్ పేరుతో మల్టీప్లెక్స్ తెరుచుకుంది. దారి చెప్పేవాళ్లు మాత్రం ఇంకా పాత పేరే చెబుతున్నారు.

అసలు ఊపు 1990ల చివర్లో వచ్చింది. పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నారు. 2000 రాగానే ఆ రెండు సున్నాలను కంప్యూటర్లు 1900గా లెక్కేస్తాయని, బ్యాంకులూ బీమా కంపెనీలూ తలకిందులవుతాయని భయం పట్టుకుంది. ఆ ప్రోగ్రాముల్లో చాలా భాగం 1959లో పుట్టిన కోబాల్ భాషలో ఉన్నాయి. లక్షల లైన్లు కూర్చుని చదివి దిద్దేవాళ్లు కావలసి వచ్చింది. సివిల్ చదివినా, మెకానికల్ చదివినా, బీఎస్సీ చదివినా కొద్ది నెలల్లో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్పి పంపే గదులు ఇక్కడ తెరుచుకున్నాయి. అదే సమయంలో అమెరికా తన హెచ్-1బీ వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1999లో 1,15,000కు, 2001 నుంచి మూడేళ్లపాటు 1,95,000కు పెంచింది. 2004లో మళ్లీ 65,000కు దించింది. అమీర్‌పేట పొంగూ కుంగూ ఈ అంకెల్లోనే చాలావరకు కనిపిస్తాయి. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అద్దాల మేడ అక్కడ లేచింది. అందులోకి వెళ్లేవాళ్లు తయారైంది ఇక్కడి ఇరుకు గదుల్లో.

ఆ రోజుల్లోనే షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త హైదరాబాద్ వచ్చి, ఈ శిక్షణ సంస్థలను, కన్సల్టెన్సీలను, సాఫ్ట్‌వేర్ వరుడి కట్నాన్ని, ఊళ్లో పొలం నుంచి సిడ్నీ ఉద్యోగం దాకా డబ్బు నడిచే తీరును దగ్గర నుంచి పరిశీలించాడు. 2007లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ప్రచురణగా వచ్చిన ఆయన పుస్తకం 'గ్లోబల్ బాడీ షాపింగ్' ఈ రంగంలో అందరూ ఉదహరించే పుస్తకమైంది. మన వీధి మీద అంత శ్రద్ధగా పుస్తకం రాసింది బయటి దేశపు పరిశోధకుడు. ఆ పని తెలుగులో ఇప్పటికైనా జరగాలి.

ఫ్లాటూ డోర్ నంబరూ

కోర్ జావా బ్యాచ్ నడుస్తున్న గదిలో గంటసేపు వెనక బెంచీలో కూర్చుంటే ఈ పేట పనితీరు అర్థమవుతుంది. బోర్డు మీద కోడ్, చేతిలో మైకు, గదినిండా బెంచీలు, నడవలో కూడా మనుషులు. పదాలన్నీ ఇంగ్లిష్, వాక్యాలన్నీ తెలుగు. 'ఆబ్జెక్ట్ క్రియేట్ అయింది, రిఫరెన్స్ ఎక్కడ పెట్టుకున్నావు? పెట్టుకోకపోతే గార్బేజ్ కలెక్టర్ వచ్చి ఎత్తుకుపోతాడు.' ఇలా సాగుతుంది పాఠం.

జావా నేర్చుకునే ప్రతివాడికీ వచ్చే డౌటు ఒకటుంది. రెండు స్ట్రింగుల్లో అవే అక్షరాలున్నా, డబుల్ ఈక్వల్స్ పెట్టి పోలిస్తే ఒక్కోసారి ఫాల్స్ వస్తుంది. ఎందుకని? పుస్తకంలో జవాబు రెండు లైన్లలో ఉంటుంది, బుర్రకెక్కదు. ఇక్కడి పద్ధతిలో చెబితే ఇలా ఉంటుంది: ఒకే బిల్డర్ ఒకే ప్లాన్‌తో రెండు ఫ్లాట్లు కట్టాడు. హాలు అదే, వంటిల్లు అదే, సామాను కూడా అదే. కానీ డోర్ నంబర్లు వేరు. డబుల్ ఈక్వల్స్ చూసేది డోర్ నంబరు. ఈక్వల్స్ మెథడ్ లోపలికెళ్లి సామాను చూస్తుంది. న్యూ అని రాసిన ప్రతిసారీ కొత్త ఫ్లాటు కడుతున్నావు కాబట్టి డోర్ నంబరు కలవదు. న్యూ లేకుండా అవే అక్షరాలు కోట్స్‌లో నేరుగా రాస్తే జావా కొత్తది కట్టదు, స్ట్రింగ్ పూల్‌లో ఉన్న పాతదాని నంబరే ఇస్తుంది, అప్పుడు ట్రూ వస్తుంది. 'మరి ఒకే ఫ్లాటును ఇద్దరు వాడుకుంటున్నప్పుడు ఒకడు గోడ పగలగొడితే?' అని వెనక నుంచి ఒక గొంతు. 'పగలగొట్టనివ్వదు. అందుకే స్ట్రింగ్ ఇమ్యూటబుల్.' ఒక డౌటులోంచి రెండో డౌటు, దాంట్లోంచి భాష రూపొందించినవాళ్ల ఆలోచన. నాలుగేళ్ల ఇంజినీరింగులో అర్థంకానిది నాలుగు నిమిషాల్లో తెలిసింది.

టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో ర్యాంకుల పరుగు, ఇంజినీరింగులో ఇంగ్లిష్ పాఠం. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఇంటికి మొదటి ఇంజినీరైన పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్ల తెలివికి లోటు లేదు. నలుగురిలో లేచి ఇంగ్లిష్‌లో ప్రశ్న కూర్చలేక కూర్చుండిపోయినవాళ్లు. ఇక్కడ ఆ అడ్డు లేదు. పైగా ఇక్కడ విద్యార్థి డెమో విని నచ్చకపోతే పక్క మెట్లెక్కి ఇంకో సార్ డెమోకి వెళ్లిపోతాడు. డౌటు విసుక్కునే సార్ బ్యాచ్ ఖాళీ అవుతుంది. అడిగేవాడికి ఇంత బలమున్న తరగతి మన చదువుల్లో ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

గది బయట ఇంకో చర్చ నడుస్తుంది. అది జిరాక్సు షాపుల్లో మొదలైంది. సార్ చెప్పినదంతా చక్కటి చేతిరాతతో రాసుకున్న ఎవరో ఒకరి రన్నింగ్ నోట్స్ స్పైరల్ బైండింగై అమ్ముడయ్యేది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. రాసిన పిల్ల ఎవరో కొన్నవాళ్లకు తెలియదు. ఆ అక్షరాలు మాత్రం బెంగళూరు, పుణె దాకా వెళ్లాయి. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాడు హాస్టల్ చేరగానే గదిలోవాళ్లు చుట్టూ మూగుతారు. మొదటి రౌండులో ఏమడిగారు, రెండో రౌండులో ఎక్కడ ఆగిపోయావు, ఆ ప్రశ్నకు ఏం చెప్పాల్సింది. ఆ ప్రశ్నలు కాగితం మీదికెక్కుతాయి, వాటికి జవాబులు ఇంకొకరు రాస్తారు, తప్పుంటే మూడోవాడు దిద్దుతాడు. ఉద్యోగానికి పోటీపడుతున్నవాళ్లే ఒకరికొకరు ప్రశ్నపత్రం అందించుకోవడం మామూలు సంగతి కాదు. తర్వాత ఇదే పని యాహూ గ్రూపుల్లోకి, ఆర్కుట్‌లోకి, ఆపైన వాట్సాప్‌లోకి, టెలిగ్రామ్‌లోకి మారింది. బ్యాచ్ మొదలైన రోజే గ్రూపు పుడుతుంది. కోర్సు అయిపోయినా గ్రూపు ఉంటుంది, ఎవరికి ఎక్కడ ఓపెనింగ్ కనిపించినా అందులో పడుతుంది.

అక్కడ ప్రశ్న అడగాలంటే

ఇంటర్‌నెట్‌లో చర్చావేదికల చరిత్ర కొత్తవాళ్లతో పాతవాళ్లు పడిన పేచీల చరిత్ర కూడా. 1980లో అమెరికాలో డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల మధ్య యూజ్‌నెట్ అనే చర్చావేదిక మొదలైంది. ఏటా సెప్టెంబరులో కాలేజీల్లో చేరిన కొత్తవాళ్లు వచ్చి అడిగిందే అడిగేవాళ్లు. పదేపదే వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెట్టే ఎఫ్ఏక్యూ పద్ధతి బలపడింది అక్కడే. 1993 సెప్టెంబరు తర్వాత ఇంటర్‌నెట్ అందరికీ అందడం మొదలై కొత్తవాళ్ల రాక ఆగలేదు. ఆ సెప్టెంబరు ఇంకా అయిపోలేదని పాతకాపులు వాపోయారు. 2001లో ఎరిక్ రేమండ్ ప్రశ్న ఎలా అడగాలో చెబుతూ రాసిన పెద్ద వ్యాసం ఓపెన్‌సోర్స్ లోకంలో నియమావళిలా చలామణి అయింది. ముందు వెతుకు, ముందు చదువు, తర్వాతే అడుగు అన్నది దాని సారం. లైనక్స్ కెర్నెల్ చర్చల్లో పరుష భాష ఎంత పేరుమోసిందంటే, 2018 సెప్టెంబరులో లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తన తీరుకు క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నాడు.

వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. 1997లో కేథీ సియెరా మొదలుపెట్టిన జావారాంచ్‌లో మొట్టమొదటి నియమం మర్యాదగా ఉండడం. పచ్చి కొత్తవాళ్ల కోసమే అని చెప్పి మరీ తెరిచిన వేదిక అది. జావా సర్టిఫికేషన్‌కు చదివిన మనవాళ్లలో దాని మేలు పొందనివాళ్లు తక్కువ. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ కలిసి తెచ్చిన స్టాక్ ఓవర్‌ఫ్లో మళ్లీ కట్టుదిట్టం వైపు మొగ్గింది. మంచి జవాబుకు ఓట్లు, పాయింట్లు. ఇదివరకే అడిగిన ప్రశ్న అడిగితే డూప్లికేట్ అని మూసేయడం. అందరూ తిట్టుకునే ఈ కఠినత్వాన్ని నేను పూర్తిగా తప్పుపట్టలేను. ఒక ప్రశ్నకు ఒకేచోట మంచి జవాబు నిలిచి, ప్రపంచంలో ఎవడు వెతికినా దొరికిందంటే ఆ కట్టుదిట్టమే కారణం. కానీ ఆ తలుపు దగ్గరే ఆగిపోయినవాళ్ల గోడు లెక్కలోకి రాలేదు. అమీర్‌పేటలో ప్రతి కుర్రాడూ రోజూ స్టాక్ ఓవర్‌ఫ్లో చదివాడు. అక్కడ ఖాతా తెరిచి ప్రశ్న రాసినవాళ్లు ఎంతమందని ఏ బ్యాచ్‌లో అడిగినా చేతులు పెద్దగా లేవవు. భాష తప్పుపోతుందని, ఇంత చిన్నది అడుగుతావా అంటారని జంకు.

ఆ సైటు పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషల్లో విడి వేదికలు తెరిచింది. ప్రపంచ సాఫ్ట్‌వేర్ పనిలో ఇంత వాటా ఉన్న ఏ భారతీయ భాషకూ అలాంటిది రాలేదు. మనకు ఇంగ్లిష్ వచ్చు కదా అన్నది దానికి చెప్పే సమాధానం. చదవడానికి వచ్చు. జంకు లేకుండా అడగడానికి మాత్రం ఎంతమందికి వచ్చు?

యూజ్‌నెట్ పాతకాపులకు కొత్తవాడు భారం. అమీర్‌పేట సార్‌కు కొత్తవాడే జీవనాధారం. అదే డౌటుకు వందోసారి జవాబు చెప్పడం ఇక్కడ వృత్తి. ఓపిక డబ్బు కోసం కావచ్చు. వచ్చిన ఫలితం గొప్పది.

రెండు స్టేషన్ల అవతల

అమీర్‌పేట నుంచి రాయదుర్గం వైపు మెట్రో ఎక్కితే మధురానగర్ తర్వాత యూసుఫ్‌గూడ. అక్కడ మాజీ గవర్నర్ కృష్ణకాంత్ పేరిట ఒక పార్కుంది. 2000ల రెండో సగంలో నెలకో ఆదివారం ఆ పార్కు గడ్డి మీద కొంతమంది గుండ్రంగా కూర్చునేవాళ్లు. ఈ-తెలుగు పేరుతో కలిసిన తెలుగు బ్లాగర్లు, తెలుగు వికీపీడియా రాసేవాళ్లు, ప్రోగ్రామర్లు. కంప్యూటర్‌లో తెలుగు కనిపించాలి, తెలుగులో రాయడం సులువు కావాలి అన్నది వాళ్ల పట్టుదల. జీతం లేదు, ఫీజు లేదు. పుస్తక ప్రదర్శనల్లో స్టాలు పెట్టి, వచ్చినవాళ్లకు తెలుగు టైపింగ్ నేర్పి పంపేవాళ్లు.

వాళ్ల వెనకాల పెద్ద చరిత్రే ఉంది. 1990ల మొదట్లో విదేశాల్లోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లో తెలుగు సంస్కృతి కోసం విడిగా ఒక గ్రూపు నడిపారు. తెలుగు లిపి చూపించే దారిలేక రోమన్ అక్షరాల్లో రాసుకున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆ రోమన్ రాతకు ఒక పద్ధతి ఏర్పరచి, దాన్ని తెలుగు అక్షరాలుగా మార్చే రిట్ అనే పనిముట్టు తయారుచేశారు. తర్వాత యాహూలో రచ్చబండ గ్రూపు సాహిత్య వాదోపవాదాలతో వేడెక్కింది. 1998లో ఈమాట పత్రిక వచ్చింది. కెనడాలో ఉన్న తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన ఫాంటు చేసి ఉచితంగా ఇచ్చారు. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, పత్రికల వెబ్‌సైట్లు చాలాకాలం ఎవరి ఫాంటు వాళ్లే వాడాయి. ఒకరి అక్షరాలు ఇంకొకరి తెరమీద పిచ్చిగీతలు. వెన్న నాగార్జున తయారుచేసిన పద్మ ఆ గీతలను యూనికోడ్ తెలుగులోకి మార్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. 2006లో వీవెన్ లేఖిని తెచ్చారు. పై పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే కింది పెట్టెలో తెలుగు. వేలమంది మొదటిసారి తెలుగులో రాసింది ఆ పేజీలోనే. అదే ఏడు తెలుగు బ్లాగులన్నింటినీ ఒకచోట చూపే కూడలి వచ్చింది.

ఇప్పుడు ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట లక్షలమందికి కంప్యూటర్ భాషలు తెలుగులో అర్థమయ్యేలా చెప్పారు, అందరికీ దొరికేలా తెలుగులో రాసిపెట్టలేదు. ఇంకోచోట తెలుగును కంప్యూటర్‌లో రాయడానికి కావలసినవన్నీ సమకూర్చారు, సాంకేతిక విషయాలు రాసేవాళ్లు చాలినంతమంది దొరకలేదు. మధ్య దూరం రెండు మెట్రో స్టేషన్లు. ఈ ఇద్దరూ ఒక ఐదేళ్లు కలిసి పనిచేసి ఉంటే తెలుగులో ఇవాళ సాఫ్ట్‌వేర్ సాహిత్యం కుప్పలుగా ఉండేది. కలవలేదు. అమీర్‌పేటకు ఉద్యోగం తొందర, పార్కు మిత్రులకు భాష తపన. ఎవరినీ నిందించడానికి లేదు. పోయింది మాత్రం మనందరిదీ.

పంజగుట్ట ఠాణా ముందు

2020 మార్చి 25. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదటి రోజు. పంజగుట్ట, అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో చాలావాటి యజమానులు ఖాళీ చేయమన్నారు. మెస్సులు మూతపడ్డాయి. ఊళ్లకు వెళ్లడానికి పాసులిస్తారన్న కబురు గ్రూపుల్లో తిరగగానే వందలాదిమంది పిల్లలు బ్యాగులతో పోలీసు స్టేషన్ల ముందు నిలబడ్డారు. పాసులు తీసుకుని బయల్దేరిన ఆంధ్ర పిల్లలను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. రాత్రిదాకా రోడ్డు మీదే. ఆనాడు ఎక్కడ భోజనం పెడుతున్నారో, ఏ దారి తెరిచి ఉందో ఒకరికొకరు చెప్పుకున్నది జావా, డాట్‌నెట్ బ్యాచ్ గ్రూపుల్లోనే. పుకార్లు పాకిందీ వాటిలోనే. నగరం ఈ పిల్లలను ఎంత సులువుగా వదులుకుందో ఆ రోజు తెలిసింది. హాస్టళ్లకు నియమాలుండాలన్న మాట అప్పుడు గట్టిగానే వినిపించింది, తర్వాత చప్పబడింది.

ఆ తర్వాత క్లాసులన్నీ జూమ్‌లోకి వెళ్లాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైనప్పటి నుంచే నరేష్ ఐటీ, దుర్గ సాఫ్ట్ వంటి సంస్థల యూట్యూబ్ పాఠాలు ఊళ్లలో వింటున్నారు. లాక్‌డౌన్‌తో పూర్తి బ్యాచ్‌లే ఇంటికొచ్చాయి. గదిలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయిలు చాట్ బాక్సులో టకటకా ప్రశ్నలు రాయడం సార్లకు కొత్త అనుభవం. ఈ మేలు పోగొట్టుకోకూడదు. గదులు మళ్లీ నిండడం మొదలయ్యాక కూడా ఆన్‌లైన్ బ్యాచ్‌లు ఉండిపోయాయి. 2019 మార్చిలో హైటెక్ సిటీ మెట్రో వచ్చినప్పటి నుంచి ఆఫీసు వదిలి నేరుగా సాయంత్రం బ్యాచ్‌కి వచ్చే ఉద్యోగులూ పెరిగారు.

చెడ్డ సంగతి దాచి రాయడం ఈ పేటకు మేలు చేయడం కాదు. చేయని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ కాగితం, ఒకరి బదులు ఇంకొకరు ఇచ్చే ప్రాక్సీ ఇంటర్వ్యూ, బ్యాక్‌డోర్ పేరుతో లక్షలు గుంజే కన్సల్టెన్సీలు ఇక్కడున్నాయి. అప్పుచేసి కట్టి, డబ్బూ ఉద్యోగమూ లేక మిగిలిన కుటుంబాలున్నాయి. పట్టుబడినవాడి వల్ల నిజంగా నేర్చుకున్నవాడి రెజ్యూమె మీద కూడా అనుమానం పడుతోంది. రాత్రిళ్లు నడిచే 'జాబ్ సపోర్ట్' మరో రకం. అమెరికాలో ఉద్యోగం దొరికి పని రాక ఇబ్బందిపడే తెలుగువాడి స్క్రీన్ ఇక్కడి సీనియర్ చూస్తూ పని చేసిపెడతాడు, నెలకింత అని. పని నేర్పితే అది పాఠం. పనే చేసిపెడితే అది మోసం. ఈ గీత దాటినవాళ్లను సంస్థలే బయటపెట్టాలి. ఫ్రెషర్‌ను ఫ్రెషర్‌గా తీసుకుని నేర్పే ఓపిక కంపెనీలకు లేకపోవడం ఈ దొంగదారికి ఒక మూలమని కూడా అనక తప్పదు.

పోయినవీ మిగలాల్సినవీ

ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15న. వాటితోపాటు తెలుగువాళ్ల ఎన్నో ఏళ్ల చర్చలు, జవాబులు, తగాదాలు చాలావరకు పోయాయి. ఇప్పుడున్న వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు అంతకంటే మూసిన గదులు. వాట్సాప్‌లో బ్యాకప్ లేకుండా ఫోను మారితే పాత మాట పోతుంది. పక్క బ్యాచ్‌వాడికే కనిపించదు, పదేళ్ల తర్వాతివాడికి ఎలా కనిపిస్తుంది? అనంతపురంలో ఇవాళ ఒక పిల్ల తెలుగులో టైపు చేసి స్ట్రింగ్ ఇమ్యూటబుల్ ఎందుకని వెతికితే దొరికేది చాలా తక్కువ. ఆ జవాబు అమీర్‌పేటలో ఏళ్ల తరబడి రోజూ చెబుతూనే ఉన్నారు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక డౌటు అడగడానికి యంత్రం దొరికింది. విసుక్కోదు, నవ్వదు, అర్ధరాత్రి అడిగినా చెబుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. అమీర్‌పేట కరపత్రాల మీదికి జెనరేటివ్ ఏఐ కోర్సులు ఎక్కాయి. కానీ ఆ యంత్రం నేర్చుకున్నది మనుషులు బహిరంగంగా రాసిపెట్టిన దాంట్లోంచే. ఇంగ్లిష్‌లో అడిగినవాళ్లు, జవాబు చెప్పినవాళ్లు ఏళ్లపాటు రాసి మిగల్చబట్టి ఇంగ్లిష్‌లో దానికి అంత నేర్పు. మనం మిగిల్చిన రాత ఎంతో అంతే మన భాషలో దానికి పట్టు. తప్పు చెప్పినప్పుడు తప్పని పట్టుకోవడానికి కూడా సరైన జవాబు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి కదా.

కాబట్టి అమీర్‌పేట సార్లకు, విద్యార్థులకు ఒక విన్నపం. ప్రతి బ్యాచ్‌లోనూ చక్కగా నోట్స్ రాసేవాళ్లు ఒకరిద్దరుంటారు. వారానికి పది డౌట్లు, వాటికి వచ్చిన జవాబులు వాళ్లచేత తెలుగు లిపిలో రాయించండి. ఇంగ్లిష్ పదాలు ఇంగ్లిష్ పదాలుగానే ఉండనివ్వండి, క్లాసులో మాట్లాడినట్టే రాయండి. గ్రూపులో పడేసి వదిలేయకుండా వెతికితే దొరికే చోట, ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతితో పెట్టండి. తెలుగు వికీపీడియాలో కంప్యూటర్ వ్యాసాలు చాలా వరకు మొలకలుగానే ఉన్నాయి, వాటిని పెంచండి. రాసినవాళ్ల పేరు కింద వేయండి. జిరాక్సు నోట్స్ రాసిన ఆ పిల్ల పేరు ఇన్నేళ్లలో ఎవరూ వేయలేదు. సంస్థలు తమ కరపత్రాల ఖర్చులో చిన్న వాటా ఈ పనికి పెడితే చాలు. టైపింగ్ రాదని ఆగిపోవద్దు, లేఖిని ఇంకా పనిచేస్తోంది.